వ్యాధి ఏది? మందు ఏది? మనిషి ఎవరు?

30 ఏండ్లు నల్లబల్లమీద ముత్యాలవంటి అక్షరాలు వ్రాసిన ఉపాధ్యాయుని చేతివ్రాత ఒకానొకప్పటినుండి చిన్నదవుతూ వస్తుంది. పంక్తి మొదట ఉన్నంత అక్షరం పంక్తి చివర ఉండదు. కంఠస్వరం సన్నగిల్లుతుంది. నడిచేటప్పుడు ఒక చేయి ఊగదు. ముఖంలో సంతోషంగాని కోపంగాని కానరాదు. “మాస్టారికి మనమీద ఆగ్రహం కాబోలు” అనుకుంటారు శిష్యులు. “ఈయనకు దేనిమీదా ఆసక్తి లేకుండా పోయింది” అని ఇల్లాలు నొచ్చుకుంటుంది. సోమరితనమని కుమారుడు విసుక్కుంటాడు. శరీరానికి వచ్చిన వ్యాధి మనిషి స్వభావంలోని దోషంగా కనిపించడం ఎంత అన్యాయం!

ఈ వ్యాధిని మన పెద్దలు కంపవాతమన్నారు. పాశ్చాత్య వైద్యులు పార్కిన్సన్ వ్యాధి అంటారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనినిగురించి ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. అందులో ఆయన వర్ణించిన రోగులు ఆరుగురే. వారిలోనూ కొందరు వైద్యానికి వచ్చినవారు కారు. వీధిలో ఆయన కంటబడినవారు. ఆయనకు ఉన్న సాధనమల్లా శ్రద్ధగా చూచే కన్ను. ఎన్నో యంత్రాలు వచ్చిన ఈనాడు కూడా ఈ వ్యాధిని నిర్ణయించడానికి వైద్యుని పరిశీలనే ప్రధానం. అయితే వైద్యుడు రోగిని చూచేది కొద్ది నిమిషాలు. ఇంటివారు చూచేది 24 గంటలూ. కనుక వారి చూపు వైద్యంలో ఒక భాగం.

వ్యాధి మూలం తెలియడానికి మరి 140 ఏండ్లు పట్టింది. అందుకు దారి చూపినది ఒక మందు చేసిన కీడు. మన సర్పగంధ వేరునుండి తీసిన రిసర్పిన్ అనే ఔషధాన్ని రక్తపు పోటుకూ, ఉన్మాదానికీ వాడేవారు. అది కొందరిలో కంపవాత లక్షణాలను కలిగించింది. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు ఆ మందునిచ్చి చూడగా అవి కదలలేక పడిపోయాయి. తరువాత డోపా అనే పదార్థాన్ని ఎక్కించగా లేచి తిరిగాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం కొరవడితే చలనం కుంటుపడుతుందని క్రమంగా తేలింది. ఈ కృషికి కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానం లభించింది. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ డోపాను స్వల్పమోతాదుతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా హెచ్చించి, రోగులకు మేలు చేకూర్చాడు. నేటి లీవోడోపా మాత్రలు ఆ పరిశోధనల ఫలమే.

ఈ మాత్ర వ్యాధిని మాన్పదు, లోటును పూడుస్తుంది. కొన్నేండ్లకు, మరుమాత్ర వేళ కాకముందే దాని ప్రభావం తరిగిపోవచ్చు. ప్రభావం హెచ్చిన వేళ మెడ, భుజాలు తమంతట తామే మెలికలు తిరగవచ్చు. చూచేవారికి వ్యాధి ముదిరిందనిపిస్తుంది. నిజానికి ఆ మెలికలు మందు చేష్ట. మంచంమీదనుండి లేవగానే కళ్లు తిరగడం, లేని పిల్లలో, పిల్లులో గదిలో ఉన్నట్టు కనిపించడం, వీటిలో వ్యాధికీ మందుకూ కూడా పాలు ఉంటుంది. డోపమిన్‌ను అనుకరించే మరొక తెగ మందులవల్ల, పైసా పైసా లెక్కచూచే మనిషి జూదానికో, అక్కరలేని కొనుగోళ్లకో లోబడిపోవచ్చు. సిగ్గుచేత ఆ సంగతి దాచుకుంటాడు. “ఈ వయసులో ఇదేమి బుద్ధి?” అని ఇంటివారు దూషిస్తే మరింత దాస్తాడు. వైద్యునికి చెబితే, మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. చాలామందిలో ఆ ప్రవర్తన తగ్గుతుంది.

వ్యాధి చేసేదేది, మందు చేసేదేది, మనిషి చేసేదేది? ఈ మూడింటినీ వేరుచేసి చూడడమే ఇంటివారు చేయగల గొప్ప సేవ. అందుకు ఒక నోటుబుక్కు చాలు. మాత్ర వేసిన వేళ, భోజనం చేసిన వేళ, కదలిక బాగున్న గంటలు, బిగుసుకుపోయిన గంటలు, మెలికలు, పీడకలలు అన్నీ వ్రాసిపెట్టవలె. పప్పు, పాలు, పెరుగు దండిగా ఉన్న భోజనంతో వేసిన మాత్ర కొందరికి సరిగా పనిచేయదు. నాలుగు వారాల పట్టిక చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. ఎంత విసుగు పుట్టినా మాత్రలను ఉన్నట్టుండి ఆపరాదు; తీవ్రమైన జ్వరం, కండరాల బిగుతు వచ్చి ప్రాణంమీదికి రావచ్చు. దూలగొండి గింజలలోనూ లీవోడోపా ఉన్నది. వైద్యునికి చెప్పకుండా ఆ చూర్ణం కలిపితే మోతాదు మించిపోతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కంపవాతాన్ని అధికం చేస్తుంది. కనుక ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా మందుల పట్టిక వెంట ఉండవలె.

ఈ వ్యాధిలో మెట్లెక్కగలిగిన మనిషి గడప దగ్గర కాళ్లు అతుక్కున్నట్టు నిలిచిపోవడం కద్దు. అది మొండితనం కాదు. చేయి పట్టి లాగితే పడిపోతారు. నేలమీద ఒక సుద్దగీత గీసి దానిని దాటమనండి. లేదా ప్రక్కన నిలిచి తాళం వేయండి. చాలామందికి అడుగు కదులుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు పడితే, ఆ ఐదు నిమిషాలూ వారికి ఇవ్వండి. మాట తడబడితే అందుకొని పూర్తిచేయక, వినండి.

ఈ భారమంతా ఒక్క ఇల్లాలిమీదనో కోడలిమీదనో వదలివేయడం మన ఇండ్లలో పరిపాటి. రాత్రి కలవరింతలకు లేచి కూర్చున్న మనిషికి పగలు కొంత నిద్ర కావలె. మాత్ర వేళలు చూడడం, పట్టిక వ్రాయడం, సాయంకాలం తోడుగా నడవడం ఇంట్లోని విద్యార్థులు కూడా చేయగల పనులే. పట్టికలో తాతగారి నవ్వు తగ్గిన రోజులు గుర్తించే బాలుడు, ఆయన ముఖం కదలకపోయినా మనసు కదులుతూనే ఉన్నదని చిన్నతనంలోనే తెలుసుకుంటాడు.