చందా తెరపై ధారావాహిక: అందుబాటు, పరిరక్షణ

కేబుల్ ప్రసారానికి వేళ ఉంటుంది. చందా వేదికలోని ధారావాహికకు గడువు ఉంటుంది. దృశ్యమాధ్యమ పరిశోధకులకు ఈ భేదం ముఖ్యం.

భారతదేశంలో హెచ్‌బీఓ చానల్ 2020 డిసెంబరు 15న నిలిచిపోయింది. దాని ధారావాహికలు అప్పటికే హాట్‌స్టార్‌లో లభిస్తున్నాయి. ఒప్పందం ముగియడంతో 2023 మార్చి 31 తర్వాత అవి అక్కడ కనుమరుగై, మే నెలలో జియోసినిమాకు చేరాయి. 2025 ఫిబ్రవరి 14న ఆ రెండు వేదికలు జియోహాట్‌స్టార్‌గా ఏకమయ్యాయి. అంటే చందాదారుడు పొందేది కృతిని కాదు, హక్కుల ఒప్పందం ఉన్నంతకాలం చూసే అనుమతిని. ఆహా, ఈటీవీ విన్ వంటి తెలుగు వేదికలు ఒప్పందంపై తెచ్చుకునే కృతులకూ ఇదే వర్తిస్తుంది. వేదిక సొంతంగా నిర్మించినవి దాని నిర్ణయంపై నిలుస్తాయి.

రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోని తాళపత్రాన్ని ఒకరు ఉటంకిస్తే, మరొకరు వెళ్లి సరిచూడవచ్చు. చందా ధారావాహికకు అటువంటి ప్రతి లేదు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం 1956 సవరణతో పత్రికలకు విస్తరించినా, దృశ్యకృతులు దాని పరిధిలోకి రాలేదు.

కాబట్టి ధారావాహికల సంభాషణల్లో గోదావరి మాండలికాన్ని అధ్యయనం చేసేవారు వేదిక పేరు, భాగం సంఖ్య, నిమిషం, చూసిన తేదీలతోపాటు ఉటంకించిన సంభాషణ పాఠాన్నీ నమోదు చేయాలి. కృతి తెరపై నుంచి తొలగినా, తరువాతి పరిశోధకునికి ఆ నమోదు ఆధారంగా మిగులుతుంది.