సముద్ర క్షీరదాలలో బ్రూసెల్లా జాడ: ఉత్తరాంధ్ర తీరానికి పరీక్షల ఆవశ్యకత

2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల పొడవున్న తిమింగలం కళేబరం కొట్టుకువచ్చింది. ఇటువంటి సందర్భాలలో జంతువు పొడవెంత, బరువెంత అన్న ప్రశ్నలే ముందుగా వినిపిస్తాయి. దాని శరీరంలో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయన్న ప్రశ్న అరుదు. వ్యవసాయం, పశుపోషణ, చేపలవేట పక్కపక్కనే సాగే శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాలలో ఈ ప్రశ్నను ఉపేక్షించడం తగదు.

తిమింగలాలు, డాల్ఫిన్లు, సీళ్లు పిల్లలకు పాలిచ్చి పెంచే క్షీరదాలు. కనుక పశువులకు సోకే కొన్ని బాక్టీరియా వ్యాధుల వంటివి వీటికీ సోకుతాయి. వాటిలో ముఖ్యమైనది బ్రూసెల్లోసిస్. చూలు పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోవడానికి కారణమైన వ్యాధిగా ఇది మన రైతులకు తెలిసినదే. 1994లో స్కాట్లాండ్ తీరంలోని సముద్ర క్షీరదాల నుండి, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక డాల్ఫిన్ ఈసుకుపోయిన పిండం నుండి బ్రూసెల్లా బాక్టీరియాను శాస్త్రవేత్తలు వేరుచేశారు. 2007లో వీటిని బ్రూసెల్లా సెటి, బ్రూసెల్లా పిన్నిపీడియాలిస్ అనే రెండు ప్రత్యేక జాతులుగా గుర్తించారు. ఇవి పశువులలోని బ్రూసెల్లా అబార్టస్‌కు దగ్గరి బంధువులే గాని, అదే జాతి కావు.

ఈ బంధుత్వం పరీక్షకు ఉపకరిస్తుంది. పశువైద్యశాలలో వాడే రోజ్ బెంగాల్ పరీక్షలో రంగు కలిపిన బ్రూసెల్లా యాంటిజెన్ చుక్కను, అంతే పరిమాణంలో జంతువు సీరంతో కలుపుతారు. సీరంలో ప్రతిరక్షకాలు ఉంటే నాలుగు నిమిషాలలో రేణువులు గుచ్ఛాలుగా ఏర్పడతాయి. బాక్టీరియా పైపొరలోని ముఖ్య భాగాలు ఒకే విధంగా ఉన్నందున పశువుల కోసం రూపొందిన ఈ పరీక్ష డాల్ఫిన్ల సీరంతోనూ పనిచేస్తుంది.

అయితే ఫలితాన్ని అర్థం చేసుకోవడంలోనే అసలు మెలకువ ఉంది. ప్రతిరక్షకాలు కనిపించడమంటే ఆ జంతువు ఎప్పుడో ఒకప్పుడు సూక్ష్మజీవిని ఎదుర్కొన్నదని అర్థం. ఇప్పుడు వ్యాధితో బాధపడుతున్నదని కాదు. ఎస్19 టీకా పొందిన పెయ్యలో కూడా ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. అంతమాత్రాన అది రోగి కాదు. కోస్టారికా పసిఫిక్ తీరానికి 2004-2007 మధ్య కొట్టుకువచ్చిన పది చారల డాల్ఫిన్లలోనూ ప్రతిరక్షకాలతో పాటు మెదడు, మెదడు పొరల వాపు కనిపించింది. వాటిలో ఆరింటి మెదడు-వెన్నుపాము ద్రవం నుండి బాక్టీరియాను వేరుచేయగలిగారు. ఉత్తర అట్లాంటిక్‌లోని హుడెడ్ సీళ్లలో మాత్రం ప్రతిరక్షకాలు, బాక్టీరియా లభించినా వ్యాధి లక్షణాలు కనిపించలేదు. కనుక రక్తపరీక్ష ఒక్కటే తీర్పు చెప్పజాలదు. దానికి కణజాల పరీక్ష, బాక్టీరియా పెంపకం, జన్యు పరీక్ష తోడు కావాలి. యెర్సీనియా వంటి ఇతర బాక్టీరియా వల్ల తప్పుడు పాజిటివ్ రావచ్చు; కుళ్లిన కళేబరంలోని చెడిన రక్తం ఫలితాన్ని తారుమారు చేయవచ్చు. అందువలన నమూనా ఎంత త్వరగా సేకరిస్తే అంత విలువ.

మనుషులకు ముప్పు అరుదే గాని, లేకపోలేదు. 1999లో బ్రిటన్‌లో సముద్ర క్షీరదాల బ్రూసెల్లాపై పనిచేస్తున్న ఒక ప్రయోగశాల ఉద్యోగికి ఆ బాక్టీరియా సోకింది. కళేబరాన్ని కోసేవారు, వలలో చిక్కిన డాల్ఫిన్‌ను విడిపించేవారు జాగ్రత్త వహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు సుమారు 28 కిలోమీటర్ల తీరం ఉంది. బారువ నుండి చింతపల్లి వరకు ఎక్కడ కళేబరం కనిపించినా మొదట కబురు అందించగలిగేది మత్స్యకారుడే. తిమింగలాలు, డాల్ఫిన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున ఏ నమూనా సేకరణ అయినా అటవీశాఖ అనుమతితోనే జరగాలి. ఆ శాఖతో గరివిడి పశువైద్య కళాశాల, విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ముందుగానే ఒక అవగాహనకు వస్తే, పూడ్చిపెట్టకముందే నమూనాలు ప్రయోగశాలకు చేరతాయి. నమూనా తీసిన తేదీ, స్థలం, జంతువు జాతి, లింగం, శరీర స్థితి నమోదు చేయడం తప్పనిసరి.

ఒక్క నమూనాతో చెప్పగలిగేది స్వల్పం. పదేళ్ల నమూనాలు వరుసగా ఉన్నప్పుడే తీరంలో వ్యాధి పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. ఈలోగా మత్స్యకారులు పాటించవలసినవి నాలుగు: కళేబరాన్ని వట్టి చేతులతో తాకరాదు, దాని మాంసాన్ని తినరాదు, కుక్కలకు వేయరాదు, కనిపించిన వెంటనే అటవీ సిబ్బందికి, స్థానిక పశువైద్యునికి తెలియజేయాలి.