కువైట్ దారిలో గాలి లెక్క

హైదరాబాద్‌లో ఉదయం 9 గంటలకు బయలుదేరిన విమానం అయిదు గంటలు ఎగిరి కువైట్‌లో దిగితే, అక్కడి గడియారంలో 11:30 అవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే 9 గంటలకు అక్కడ ఎక్కి, నాలుగు గంటల్లోనే హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ చేరినా ఇక్కడ మధ్యాహ్నం 3:30. టికెట్టు మీది వేళలు చూసి లెక్కేస్తే పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఆరున్నర! మన సమయం కువైట్ కన్నా రెండున్నర గంటలు ముందుండటమే ఈ తికమకకు మూలం. ఆ తేడా తీసేస్తే, ఎక్కువసేపు పట్టేది పోయేటప్పుడే.

దూరం మాత్రం రెండు వైపులా ఒక్కటే. భూమి గోళం కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఒక వంపు గీత. ఆ గీత మీద హైదరాబాద్, కువైట్ విమానాశ్రయాల మధ్య సుమారు 3,370 కిలోమీటర్లు. అది అరేబియా సముద్రం దాటి, ఇరాన్ తీరానికి దగ్గరగా సాగుతుంది. విమానాలు నిర్ణీత వాయుమార్గాల్లోనే పోవాలి కాబట్టి అసలు ప్రయాణం ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

మరి గంట తేడా ఎక్కడిది? గాలిది.

చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ ప్రాంతాల మీద, విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. 1920లలో జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఇలాంటి గాలులను కొలిచాడు. విమానం వేగం గంటకు 830 కిలోమీటర్లు, ఎదురుగాలి 100 అనుకుందాం. నేల మీది లెక్కలో మిగిలేది 730. అప్పుడు 3,370 కిలోమీటర్లకు సుమారు 4 గంటల 37 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 930 అయి, 3 గంటల 37 నిమిషాలు చాలు. విమానం రన్‌వే దాకా నేల మీద కదలడానికి, పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి పట్టే సమయం దీనికి అదనం.

వానాకాలంలో కథ మారుతుంది. జూన్ నాటికి ఆ పడమటి ప్రవాహం హిమాలయాలకు ఉత్తరంగా జరుగుతుంది. దక్షిణ భారతం మీద, చాలా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు మరో ప్రవాహం మొదలవుతుంది. ఈ తూర్పు జెట్‌ను 1950లలో లోకానికి వివరించినవారు తెలుగువారైన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ నెలల్లో కువైట్ విమానానికి దారి మొదట్లో గాలి అనుకూలిస్తుంది, రాకపోకల సమయాల తేడా తగ్గుతుంది.

గాలి లెక్క అలా ఉంటే, నంద్యాల జిల్లా గోస్పాడు నుంచి బయలుదేరేవారికి అసలు జాగు నేల మీదే. శంషాబాద్ దాకా సుమారు 270 కిలోమీటర్లు. రోడ్డు మీద అయిదు గంటల పైమాట, ఆపైన మూడు గంటల ముందే చేరాలి. దగ్గరలోని ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. రాయలసీమ వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న ఆ చోట రన్‌వే 2,000 మీటర్లు. తొలి విమానాలు బెంగళూరు, చెన్నై, విశాఖలకు ఎగిరాయి. అక్కడి నుంచి నేరుగా కువైట్‌కు విమానం లేదు. అందుకే గల్ఫ్‌కు పోయేవారు నేటికీ శంషాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి మరో విమానాశ్రయానికి చేరాల్సిందే.