తొట్టి మార్చే ముందు చాసిస్ చూడండి

పాత పికప్ బండ్ల ఎపిసోడ్‌లో తొట్టి మార్చే సంగతి టైమ్ చాలక పైపైన చెప్పాను. అయినా పని వరుస, కొలతలు వింటే గుర్తుండవు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. పని మొదలుపెట్టేటప్పుడు ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

తొట్టి అంటే పికప్ వెనక సామాను వేసే భాగం. మనవాళ్లు కొందరు బాడీ అంటారు, హిందీవాళ్లు డాలా అంటారు. నేను తొట్టి అనే రాస్తా. నేను పనిచేసేది సౌదీలో, దమ్మామ్, జుబైల్ వైపు సైట్లలో. ఇక్కడ మన చేతికి వచ్చే బండ్లలో ఎక్కువ పాత హైలక్స్‌లే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నా. వేరే బండికైనా పద్ధతి దాదాపు ఇదే.

ముందు అసలు మాట. తొట్టి అడుగు చిల్లులు పడిందంటే దాని కింద చాసిస్ కూడా అదే తేమలో, అదే ఉప్పులో ఉందని అర్థం. తొట్టి మనకు కనిపిస్తుంది, చాసిస్ కనిపించదు. బరువు మోసేది మాత్రం చాసిస్. కాబట్టి చాసిస్ చూడకుండా తొట్టి కొనొద్దు.

తుప్పు ఎక్కడినుంచి వస్తుంది

ఎడారిలో వాన లేదు కదా, తుప్పు ఎందుకు పడుతుంది అని కొత్తగా వచ్చిన తమ్ముళ్లు అడుగుతుంటారు. సముద్రం పక్క గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. తీరం వెంబడి సబ్ఖా నేలలు ఉన్నాయి, అంటే ఉప్పు పేరుకున్న నేలలు. ఆ మట్టి చక్రాల నుంచి ఎగిరి చాసిస్ మీద పడుతుంది. పెట్టెలా మూసినట్టున్న చోట ఇసుక చేరి గట్టిపడి, నీళ్లు పోయే రంధ్రాలను మూసేస్తుంది. దానికి తోడు మనం తొట్టిలోనే తడి ఇసుక, సిమెంటు బస్తాలు వేసి, సాయంత్రం పైపు పెట్టి కడిగేస్తాం. ఆ నీళ్లు కిందికే పోతాయి.

కాంక్రీటు లోపల కడ్డీ తుప్పుపడితే కవర్ ఉబ్బి పగలడం మనందరం చూసిందే. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఇక్కడా అంతే. రెండు రేకులు అతికిన చోట పొరలు పొరలుగా ఉబ్బిందంటే లోపల మందం తగ్గిపోయినట్టే.

కొనే ముందు పరీక్ష

బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టండి. వెనక భాగాన్ని జాకీతో లేపితే తప్పకుండా స్టాండ్ల మీద ఆనించండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. తర్వాత వైర్ బ్రష్, చిన్న సుత్తి, టార్చి తీసుకోండి.

చాసిస్‌ని సుత్తితో మెల్లగా కొడుతూ పోండి. బాగున్న ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది బొద్దు శబ్దం చేస్తుంది, పెచ్చులు రాలతాయి. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు ఇవి:

వెనక ఇరుసు మీదుగా చాసిస్ వంపు తిరిగే చోటు. మట్టి ఎక్కువ చేరేది అక్కడే.

కమాన్ పట్టీలను చాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లు, ముందువి వెనకవి రెండూ.

తొట్టి బోల్టులు దిగే బ్రాకెట్లు, వాటి చుట్టూ వెల్డింగ్.

అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లు, లాగుడు కొక్కెం పెట్టిన చోటు.

పైపైన ఎర్రగా ఉండి, బ్రష్ కొడితే కింద గట్టి ఇనుము కనిపిస్తే భయం లేదు. రుద్ది రంగు వేస్తే సరిపోతుంది. గుంటలు గుంటలుగా తినేస్తే మందం కొలిపించాలి. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే, లేదా వెల్డింగ్ పక్కన సన్నగా వెంట్రుకలాంటి గీత నుంచి తుప్పు రంగు కారుతుంటే అది చీలిక. ఇక తొట్టి సంగతి పక్కన పెట్టి బండి సంగతి మాట్లాడాలి.

మా దగ్గర ఒక సైట్‌లో జరిగింది చెప్తా. తొట్టి అడుగు పోయిందని స్టోర్‌వాళ్లు సెకండ్ హ్యాండ్ తొట్టి ముందే కొనేశారు. పాతది లేపి చూస్తే ఎడమ పక్క కమాన్ బ్రాకెట్ పైన చాసిస్ సగం వరకు చీలి ఉంది. ఆ బండి అంతకుముందు రోజు దాకా స్టీలు కడ్డీ మోసింది, హైవే మీద తిరిగింది. దాన్ని నడిపిన తమ్ముడిది జగిత్యాల వైపు. చీలిక చూసి చాలాసేపు మాట్లాడలేదు. అది రోడ్డు మీద తెగితే పోయేది వాడి ప్రాణం, బతికి బయటపడితే కేసు వాడి మీద. తెచ్చిన తొట్టి మళ్లీ అమ్ముకోవాల్సి వచ్చింది, బండి పక్కకు పెట్టేశారు.

వెల్డింగ్ పట్టీ వేసేద్దాం అంటారు

చాసిస్ చీలిక మీద పట్టీ పెట్టి అడ్డంగా వెల్డింగ్ కొట్టి రంగు వేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. కానీ వేడి తగిలిన అంచు దగ్గర ఇనుము గుణం మారుతుంది, ఊగిసలాట అంతా అక్కడే చేరుతుంది, కొన్నాళ్లకు దాని పక్కనే మళ్లీ చీలుతుంది. చాసిస్ రిపేరు చేయొచ్చా లేదా అన్నది ఆ పని తెలిసిన వర్క్‌షాప్ చెప్పాలి. సైట్‌లో షట్టరింగ్ వెల్డర్ చేసే పని కాదిది. చాసిస్ నంబరు కొట్టి ఉన్న చోట గ్రైండర్ అసలు పెట్టొద్దు. నంబరు చెరిగితే ఫహస్‌లోనూ, ఇస్తిమారా దగ్గరా సమాధానం చెప్పుకోలేరు.

ఎక్కడ వెల్డింగ్ చేసినా బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. ఇక్కడి హైలక్స్‌లు చాలావరకు 2.7 లీటర్ పెట్రోల్ బండ్లు. టాంకీ పక్కన నిప్పురవ్వ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

తొట్టి ఎంచుకోవడం

చాసిస్ బాగుందని తేలాకే తష్లీహ్‌కి వెళ్లండి. చేతిలో కొలతలు రాసిన కాగితం ఉండాలి. సింగిల్ క్యాబ్ తొట్టి పొడవు రెండు మీటర్లు దాటుతుంది, డబుల్ క్యాబ్ తొట్టి ఒకటిన్నర మీటరు దగ్గర్లో ఉంటుంది. ఒకదానిది ఇంకొకదానికి రాదు. 2015లో హైలక్స్ మోడల్ మారింది. పేరు ఒకటే అయినా కొత్తదాని తొట్టి పాతదానికి నేరుగా కూర్చుంటుందని అనుకోవద్దు. బోల్టు నుంచి బోల్టుకు పొడవు, అడ్డం, రెండు డయాగనళ్లు టేపుతో కొలవండి. చక్రం పైన వంపు మధ్య నుంచి తొట్టి ముందు గోడ దాకా ఎంతో చూడండి. పెట్రోల్ మూత ఏ పక్క, ఏ ఎత్తులో ఉందో ఫోటో తీసుకెళ్లండి.

డయాగనళ్లు రెండూ సమానంగా రాకపోతే ఆ తొట్టి ఎక్కడో గుద్దుకున్న బండిది. ఫుటింగ్ మార్కింగ్‌లో మనం చూసే లెక్కే. కొన్నాక రసీదు తీసుకోండి. ఎక్కడిది అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

అడుగు గట్టిగా ఉండాలని 4 మిల్లీమీటర్ల ప్లేటు పరిపించేవాళ్లున్నారు. లెక్క వేయండి. ఆ ప్లేటు చదరపు మీటరుకు 31 కిలోల పైన. సింగిల్ క్యాబ్ తొట్టి అడుగు మూడు చదరపు మీటర్లు దాటుతుంది. అంటే రెండు సిమెంటు బస్తాలు ఎప్పుడూ బండిలోనే ఉన్నట్టు. ఆ మేరకు లోడు తగ్గించుకోవాలి, కానీ ఎవరూ తగ్గించరు. ఇక తొట్టి తీసి ఫ్లాట్‌బెడ్ పెట్టించాలంటే బండి రూపమే మారుతుంది. ముందు మందూబ్‌తో చెప్పి మురూర్ దగ్గర కనుక్కోమనండి.

పాతది దించడం

ముందు రోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. పెట్రోల్ టాంకీలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

1. బ్యాటరీ నెగెటివ్ తీయండి. వెనక లైట్ల సాకెట్లు, నంబర్ ప్లేటు లైటు తీగ, ఎర్త్ వైరు విడదీయండి. ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

2. పెట్రోల్ పోసే గొట్టాన్ని తొట్టి గోడకు పట్టి ఉంచే స్క్రూలు విప్పండి. లావు పైపుతో పాటు గాలి పోయే సన్న పైపు కూడా ఉంటుంది, మరిచిపోవద్దు. విప్పిన నోటికి మూత గానీ టేపు గానీ వేయండి. గుడ్డ కుక్కొద్దు, లోపలికి జారుతుంది.

3. వెనక తలుపు విప్పి పక్కన పెడితే బరువు తగ్గుతుంది.

4. తొట్టి బోల్టులు బండిని బట్టి ఆరు లేదా ఎనిమిది ఉంటాయి. పట్టేసిన బోల్టును ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత వదులు చేయండి. అయినా రాకపోతే టాంకీ దగ్గర గ్యాస్ కట్టర్, గ్రైండర్ వద్దు. ఆలస్యమైనా రంపం బ్లేడుతో చేత్తో కోయండి.

5. ఖాళీ తొట్టి కూడా వంద కిలోలు దాటుతుంది. నాలుగు మూలలకు బెల్టులు వేసి బూమ్ ట్రక్‌తో లేపండి. 10 సెంటీమీటర్లు లేపి ఆపి, ఏదైనా తీగో పైపో పట్టుకుని ఉందేమో చూడండి. వేలాడే తొట్టి కింద ఎవరూ ఉండకూడదు.

తొట్టి లేనప్పుడు చేయాల్సినవి

చాసిస్ పైభాగం మళ్లీ తెరుచుకునేది ఇంకెన్నేళ్లకో. కాబట్టి ఆ రోజు తొందరపడొద్దు. ఇసుక గోకి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్ కొట్టి, ప్రైమరు, రంగు వేయండి. నీళ్లు పోయే రంధ్రాలు తెరవండి. చాసిస్ వెంబడి పోయే బ్రేక్ పైపులు, టాంకీ పైన ఉండే పైపులు తుప్పు పట్టాయేమో వేలితో తడిమి చూడండి. చాలా పికప్‌లకు వెనక ఇరుసు నుంచి చాసిస్ మీది బ్రేక్ వాల్వుకు ఒక సన్న రాడ్ ఉంటుంది. లోడును బట్టి వెనక బ్రేకు ఎంత పట్టాలో అది చెబుతుంది. దాన్ని వంచొద్దు, దాని మీద కాలు పెట్టొద్దు.

కొత్తది కూర్చోబెట్టడం

పాతదాని కింద రబ్బరు ప్యాడ్లు ఉంటే కొత్తవి అదే మందంలో వేయండి. బోల్టులు అదే సైజు, అదే గ్రేడు. షట్టరింగ్ స్టోర్‌లో దొరికిన ఏదో ఒక బోల్టు కాదు. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించి వదులుగా ఉంచి, క్యాబిన్‌కు తొట్టికి మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉందా చూడండి. గుంటల్లో చాసిస్ మెలి తిరిగినప్పుడు క్యాబిన్, తొట్టి వేరువేరుగా కదులుతాయి. సందు లేకపోతే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, చివర మాన్యువల్‌లో చెప్పిన టార్క్ ఇవ్వండి. ఎర్త్ వైరు రంగు మీద కాకుండా శుభ్రమైన ఇనుము మీద బిగించండి. బ్రేక్ లైటు, ఇండికేటర్, రివర్స్ లైటు అన్నీ చూసి, పెట్రోల్ పోసి లీకు చూసి, అప్పుడు రోడ్డెక్కించండి. వారం తిరిగాక బోల్టులు మరోసారి చూడండి.

తొట్టి ఎంత కొత్తదైనా సామానుకే. అందులో సీటు లేదు, బెల్టు లేదు. దగ్గరే కదా అని క్యాంపు దాకా మనుషుల్ని ఎక్కించుకోవద్దు.

చివరిగా డ్రైవర్ తమ్ముళ్లకు ఒక మాట. బండి కంపెనీది, స్టీరింగ్ పట్టుకునేది మీరు. చాసిస్ పోయిందని నోటితో చెబితే రేపు ఎవరికీ గుర్తుండదు. పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, సూపర్‌వైజర్‌కీ ఆఫీసుకీ వాట్సాప్‌లో పంపండి. ఇంత రాస్తే చాలు: “ఫలానా నంబరు బండి, ఎడమ వెనక కమాన్ బ్రాకెట్ దగ్గర చాసిస్ చీలింది. వర్క్‌షాప్ చూసేదాకా లోడు వేయడం మంచిది కాదు.” తేదీ దానంతట అదే పడుతుంది. హిందీలోనో ఇంగ్లీషులోనో రాయడం రాకపోతే మీ సూపర్‌వైజర్ చేత రాయించుకోండి. మా సైట్‌లో వాళ్లకు నేనే రాసిస్తుంటా.