వార్తల్లో పదం: ఇల్లు లేని కుటుంబం

2027 జనగణనతో ఈ మాట మళ్లీ వినిపిస్తోంది. రోడ్డు పక్కన, వంతెన కింద, సిమెంటు తూముల్లో, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లను జనగణన ఈ పేరుతో లెక్కిస్తుంది. 2011లో దేశం మొత్తమ్మీద వీళ్లు 17.7 లక్షల మంది. అందులో 8.3 లక్షలకు పైగా పల్లెల్లోనే ఉన్నారు.

అసలు సంఖ్య ఇంకా పెద్దదే అనాలి. తాడేపల్లిగూడెం స్టేషన్లో పడుకున్న మనిషి ఈ లెక్కలోకి వస్తాడు. అదే మనిషి ఊళ్లో బంధువుల వసారాలో తలదాచుకుంటే రాడు. పల్లె తన నిరాశ్రయులను అలా కడుపులో దాచుకుంటుంది.

ఇక కొల్లేరు సరస్సులోని లంక గ్రామాల్లో ఇల్లున్నా ధీమా లేదు. బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగి సరస్సులోకి వచ్చిపడితే నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వరద రోజుల తరబడి కదలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి లంకలను ముంచింది. అలాంటప్పుడు మంచాలు, బియ్యం డబ్బాలు, మేకలు గట్టెక్కుతాయి. బడి గది ఇల్లవుతుంది, ఊరంతటికీ ఒకేచోట వంట. ఆ ఆదుకోవడం గొప్పదే, కానీ నీళ్లు తీశాక నానిన మట్టిగోడ ఎవరికి వారిదే.

ఇల్లు లేనివాళ్లకు స్థలం దొరికినా కథ అక్కడితో అయిపోదు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. అప్పుడు పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర, అంటే సుమారు 72 గజాలు. పల్లపు నేలలో పట్టా చేతికొచ్చినా ముందు మెరక తోలించాలి. కూలి డబ్బు మీద బతికే కుటుంబం చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.