పాత కారు హెడ్డు: బాగుచేయించాలా, మార్చాలా?

గుంటూరు నుంచి 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాఠశాలకు మేము నలుగురు ఉపాధ్యాయులం ఒకే కారులో వెళ్లి వస్తుంటాం. కారు మాలో ఒకరిది, పెట్రోలు ఖర్చు నలుగురిదీ. 1996 నాటి మారుతి 800. పదో తరగతి పరీక్షల రోజుల్లో ఒక ఉదయం అది దారి మధ్యలో పొగలు కక్కి ఆగిపోయింది. ఒక్కసారి ఖర్చుతో తేలవలసిన ఆ రిపేరుకు మేము మూడుసార్లు డబ్బు పెట్టాం. పనివాళ్ల తప్పు కొంత ఉంటే, మా తొందర అంతకంటే ఎక్కువ. పాత కారును ఇంకా వాడుకుంటున్న కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి కనుక, ఆ సంగతులు వివరంగా రాస్తున్నాం.

ఇంజన్‌లో పిస్టన్లు ఆడే కింది భాగాన్ని బ్లాకు అంటారు. దాని మీద మూతలా బిగించేదే హెడ్డు. మూతే అయినా దాని లోపల వాల్వులు, వాటిని తెరిచే కామ్ షాఫ్ట్, ప్లగ్గులు, నీరు తిరిగే దారులు, ఆయిలు తిరిగే దారులు అన్నీ ఉంటాయి. మండే గ్యాసు, నీరు, ఆయిలు ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపేది హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పల్చటి గాస్కెట్.

మా కారులో బ్లాకు పోత ఇనుముది, హెడ్డు అల్యూమినియంది. వేడికి లోహాలు సాగుతాయని తరగతిలో చెప్పే పాఠమే ఇక్కడ పనిచేస్తుంది. 30 సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.55 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న పోత ఇనుము సాగేది అందులో దాదాపు సగమే. మామూలు వేడిలో ఈ తేడాను గాస్కెట్ సర్దుకుంటుంది. నీళ్లు తగ్గి వేడి హద్దు దాటితే, బోల్టులతో కదలకుండా బిగించి ఉన్న హెడ్డు సాగడానికి చోటులేక వంగుతుంది. చల్లారినా ఆ వంపు పూర్తిగా పోదు.

ఆ ఉదయం మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరకు వెళ్లడం మేము చూశాం. పరీక్ష డ్యూటీకి ఆలస్యమవుతుందని ఇంకో నాలుగు కిలోమీటర్లు నడిపించాం. కాసేపటికి ముల్లు కిందికి దిగితే సంతోషించాం కూడా. నీళ్లన్నీ పోయి సెన్సరుకు ఆవిరే తగిలినప్పుడు ముల్లు అలా దిగవచ్చని తర్వాత తెలిసింది. కారు ఆగాక ఇంకో తప్పు చేశాం. పక్కన పొలంలోని బోరు నుంచి చన్నీళ్లు తెచ్చి కాగిపోతున్న ఇంజన్లో పోశాం. పొయ్యి మీద మాడిన మట్టి చట్టిలో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లను అడిగినా చెప్పేవారు.

దగ్గర్లోని మెకానిక్ ఆయిలు మూత తీసి చూపించాడు. మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ, రేడియేటర్‌లో బుడగలు. గాస్కెట్ పోయిందన్నాడు. అది నిజమే. కొత్త గాస్కెట్ వేసి సాయంత్రానికి కారు ఇచ్చేశాడు. హెడ్డు వంగిందేమో కొలవలేదు, కొలవమని మేమూ అడగలేదు. మూడు వారాల్లో మళ్లీ అదే పొగ. వంగిన హెడ్డు కింద కొత్త గాస్కెట్ ఎన్నాళ్లని నిలుస్తుంది?

ఈసారి ఒకాయన హెడ్డును లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించమన్నాడు. అంటే కింది ముఖాన్ని యంత్రం మీద పల్చగా కోసి సమతలం చేయడం. కొట్టించాం, డబ్బు ఇచ్చాం. అక్కడి నుంచి హెడ్డును విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన ఉస్తాద్ దగ్గరకు, బిగించే ముందు ఒకసారి చూడమని పట్టుకెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టారూ, ప్రెషర్ పెట్టి చూశారా?" అని. లేదన్నాం. "చూడకుండా ఎందుకు కోయించారు?" అన్నారు.

ఆయన హెడ్డుకున్న నీటి దారులన్నీ పలకలతో మూసి, ఒక దారిలో గాలి పట్టి, వేడినీళ్ల తొట్టిలో ముంచారు. రెండో సిలిండర్ దగ్గర, రెండు వాల్వు సీట్ల మధ్య నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. అక్కడ ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే వెంట్రుకంత పగులు ఎర్రటి గీతగా పైకి తేలింది. ఫేసింగ్ డబ్బు వృథా అయిందని అప్పుడు అర్థమైంది.

అందుకే వరుస ముఖ్యం. హెడ్డు విప్పాక మొదట శుభ్రం చేయించాలి, తర్వాత పగులు చూడాలి, ఆ తర్వాతే వంపు కొలవాలి. వంపు కొలవడానికి ఖచ్చితమైన ఉక్కు స్కేలును హెడ్డు ముఖం మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలలకూ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందా అని చూస్తారు. ఇలాంటి చిన్న ఇంజన్లకు హద్దు 0.05 మిల్లీమీటర్లు. మన పరీక్ష జవాబు కాగితం మందంలో ఇది సుమారు సగం. కంటితో చూసి "బాగానే ఉంది" అనే మాటకు విలువ లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. బ్లాకు పై ముఖాన్ని కూడా ఇలాగే కొలవాలి. దాన్ని చాలామంది వదిలేస్తారు.

పగులు లేకుండా కొద్ది వంపే ఉంటే ఫేసింగ్ చాలు, ఖర్చూ తక్కువ. కానీ దానికీ హద్దుంది. ఎక్కువ కోస్తే మంట గది చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది, ఇంజన్ కొట్టుకుంటుంది, వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి. ఇంకో చిక్కు ఉంది. మా ఇంజన్లో కామ్ షాఫ్ట్ హెడ్డులోని రంధ్రాల్లోనే తిరుగుతుంది. హెడ్డు వంగితే ఆ రంధ్రాల వరుస కూడా వంగుతుంది. కింది ముఖం కోసినంత మాత్రాన పైన వరుస తిన్నగా కాదు. రాకర్లు లేకుండా కామ్ షాఫ్ట్ ఒక్కదాన్నే అమర్చి చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. పట్టేస్తే ఆ హెడ్డు మీద ఇంక డబ్బు పెట్టకూడదు.

చిన్న పగులును ఆర్గాన్ వెల్డింగుతో పూడ్చవచ్చు. ముందు హెడ్డు అంతటినీ నిదానంగా వేడిచేయాలి, వెల్డింగ్ తర్వాత సీట్లు మళ్లీ కోయాలి, ఫేసింగ్ చేయాలి, మరోసారి గాలి పట్టి చూడాలి. దొరకని మోడల్ కారైతే ఈ శ్రమకు అర్థం ఉంది. మారుతి 800 హెడ్డు ఇప్పటికీ దొరుకుతుంది కనుక మార్చడమే మేలని ఉస్తాద్ అన్నారు. అతిగా కాగిన అల్యూమినియం మెత్తబడుతుందనీ, అప్పుడు పగులు పూడ్చినా మరలు పట్టు నిలుపుకోవనీ ఆయన చెప్పిన మాట మాకు సబబుగా తోచింది.

పొడి ఏదో కలిపి కారుడు ఆపి, కారు అమ్మేద్దామన్న మాట కూడా మాలో ఒకసారి వచ్చింది. కొనేవాడికి పగులు సంగతి చెబుతామా అని కారు యజమానే అడిగాడు. ఎవరం జవాబు చెప్పలేదు.

పాత హెడ్డు కొన్నాం. కొత్తదానికి మా చందా సరిపోలేదు. పాతది కొనేటప్పుడు రెండు చూసుకోవాలి. కార్బురేటర్ కాలపు 6 వాల్వుల ఇంజన్ హెడ్డు వేరు, తర్వాత వచ్చిన 12 వాల్వులది వేరు, ఒకటి మరొకదానికి పట్టదు. రెండోది, డబ్బు చేతికివ్వకముందే గాలి పరీక్ష, స్కేలు పరీక్ష చేయించుకోవాలి. "తేడా వస్తే తిరిగి తీసుకుంటా" అనే మాట కంటే తొట్టిలో బుడగ రాకపోవడం నమ్మదగినది.

బిగింపు దగ్గర ఉస్తాద్ చూపిన శ్రద్ధ మాకు గుర్తుండిపోయింది. బోల్టు రంధ్రాల్లో చుక్క ఆయిలు గానీ నీరు గానీ లేకుండా గాలితో ఊదారు. అడుగున ద్రవం ఉంటే బోల్టు బిగిసినట్టు అనిపిస్తుంది కానీ బిగియదు, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. బోల్టులను మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా, టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్న కొలతకు బిగించారు. విప్పేటప్పుడు చివరల నుంచి మధ్యకు, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాక. నీళ్లు కలిసిన ఆయిలు తీసేసి కొత్తది పోశారు, కొన్ని రోజులకే దాన్నీ మార్పించారు.

అంతా అయ్యాక కారును నిలబెట్టి ఇంజన్ వేడెక్కనిచ్చారు. రేడియేటర్ ఫ్యాను తిరగలేదు. ఫ్యానును నడిపించే చిన్న స్విచ్ ఎప్పుడో చచ్చిపోయింది, అసలు జబ్బు అదే. గాస్కెట్ వేసినవారు గానీ, ఫేసింగ్ చెప్పినవారు గానీ, మేము గానీ దాన్ని చూడలేదు. పైగా వేడి తగ్గుతుందని ఎవరో పాత రోజుల్లో థర్మోస్టాట్ కూడా పీకేశారు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఉస్తాద్ రెండూ కొత్తవి వేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు.

పగిలిన హెడ్డు ఇప్పుడు మా పాఠశాల ప్రయోగశాల బల్ల మీద ఉంది. ఎర్ర గీత ఇంకా చెరగలేదు. కారులో మాత్రం ఇప్పుడు ఐదు లీటర్ల నీళ్ల డబ్బా ఉంటోంది. ముల్లు సగం దాటితే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, అరగంటకు పైగా కూర్చుంటున్నాం. చేయి పెట్టగలిగేంత చల్లారాకే రేడియేటర్ మూత తీస్తున్నాం. ఆలస్యమైతే ప్రధానోపాధ్యాయులకు ఫోను చేస్తున్నాం.