ఆరామము, ఉద్యానము, అరణ్యము: మాయాబందరు పరిసరముల రక్షణ

ప్రజల విహారమునకై వనములను రక్షించుట నవీనకాలపు భావమని పలువురు తలంతురు. కాని అమరకోశమున వనౌషధివర్గము ఈ విషయమున స్పష్టమైన భేదములను చూపినది. మానవుడు పెంచిన వనము ఆరామము. రాజునకు చెందియు ఇతరులకు సాధారణమైనది ఉద్యానము. అంతఃపురమునకు మాత్రమే తగినది ప్రమదవనము. మానవప్రయత్నము లేక పెరిగిన అరణ్యము వీనికి వేఱు. అండమాను దీవులలోని మాయాబందరున ఎచ్చట దేనిని రక్షింపవలెనో తెలిసికొనుటకు ఈ భేదము లుపకరించును.

మాయాబందరు మధ్య అండమాను దీవి ఉత్తరాగ్రమున నున్నది. ఉత్తర మధ్య అండమాను జిల్లాకు కేంద్రము. దాని సమీపమున వెబీ గ్రామము కలదు. 1925లో బర్మానుండి అడవిపనులకై వచ్చిన కరెన్ ప్రజలు అచ్చట స్థిరపడిరి. వారు అడవి నరకి ఇండ్లు, పొలములు ఏర్పఱచుకొనిరి. ఇది ఆరామకోటిలోనిది, ఇందు రక్షింపవలసినది చెట్లు మాత్రమే కాదు, వానితో ముడివడిన జీవనవిధానము కూడ.

కర్మాటాంగ్ సముద్రతీరము ఉద్యానమువంటిది. పగలు విహరింపవచ్చినవారికి అది ఆనందస్థానము. రాత్రివేళ సముద్రపు తాబేళ్లు అచ్చటి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. తీరమున దీపములు వెలిగినచో పిల్లలు కడలి దిక్కు తెలియక దారి తప్పును. కావున ఆ తీరము మనుష్యులకు మాత్రమే సాధారణము కాదు.

పశ్చిమమున నున్న ఇంటర్వ్యూ దీవి ఈ విభాగములలో దేనికిని పూర్తిగా లొంగదు. కలపవ్యాపారము చేయు ఒక సంస్థ దుంగలు లాగుటకై సుమారు 40 ఏనుగులను అచ్చటికి తెచ్చి, 1962 ప్రాంతమున వ్యాపారము మూతపడగా వానిని విడిచిపోయినది. వాని సంతతి అడవిఏనుగులైనది. అవి చెట్ల బెరడు వలిచి, పేము, మొగలి మున్నగువానిని తగ్గించినవి. నేడా దీవి అభయారణ్యము. అభయము ఏనుగులకా, వృక్షములకా యను ప్రశ్న ఆ పదములోనే దాగియున్నది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున ఆ తీరము మీటరునకు పైగా పైకి లేచి, పగడపుదిబ్బలు నీటివెలుపల పడి నశించినవి. అనగా ఒకనాటి రూపమునే శాశ్వతముగ నిలుపుట ఇచ్చట అసాధ్యము.

కావున మూడింటికిని ఒకే నియమము చెల్లదు. గ్రామమునకు నివాసుల సమ్మతి, తీరమునకు వేళల కట్టుబాటు, దీవికి రాకపోకల మితి అవసరము. సాధారణమనగా అందఱును తోచినట్లు వాడుకొనదగినదని కాదు; ఎవ్వరును ఇతరుల భాగమును హరింపరానిదని అర్థము. అన్నిటిని ఉద్యానములుగ మార్చబూనినచో అరణ్యమును పోవును, ఉద్యానమును మిగులదు.